లోగో అడిగారు, కాటా కొనిపించాను

నాగర్‌కర్నూల్ జిల్లాలో గొర్రెల కాపరులు కలిసి పెట్టుకున్న ఒక ఉత్పత్తిదారుల కంపెనీ నన్ను పిలిచింది లోగో కోసం. పశువైద్యుడికి లోగోతో ఏం పనని మీకనిపిస్తే, నాకూ అదే అనిపించింది. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నట్టల మందు తాగించడం, టీకాలు వెయ్యడం, చచ్చిపోయిన జీవాలకు బీమా కాగితాలు రాయడం నా పని. రిటైరయ్యాక ఇలాంటి కంపెనీలకు, సంఘాలకు సలహాలు చెబుతూ తిరుగుతున్నాను. నేను వెళ్ళేసరికే వాళ్ళ దగ్గర తీర్మానం రాసి ఉంది. హైదరాబాద్‌లో 'పాలమూరు పొట్టేలు' అన్న పేరుతో మాంసం అమ్మాలి. ప్యాకెట్టు మీద కొమ్ములు తిరిగిన పొట్టేలు తల బొమ్మ ఉండాలి. ప్రభుత్వ సంస్థ ఏదో ఒకటి ముందుకొచ్చి దానికి ప్రచారం చేసిపెట్టాలి. ఆ చివరి వాక్యం కింద రెండుసార్లు గీత గీశారు.

నేనొకటే అడిగాను. పోయిన నెల మీరంతా కలిసి అమ్మిన జీవాల బరువెంత?

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మూలన గొంగడి మీద కూర్చున్న ఒక ముసలాయన అన్నాడు: "బరువెవరికెర్క సారూ. ఎన్ని తలకాయలు పోయినయో ఎర్కే, ఎన్ని పైసలొచ్చినయో ఎర్కే."

ఈ కేసంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. ప్రాంతీయ మాంసానికి ప్రచారం చేసే ప్రభుత్వ సంస్థ అంటే ఏమిటి, అది దేనిమీద నిలబడుతుంది, మన దగ్గర ఎందుకు నిలబడదు అన్నవి నాకు పుస్తకాల్లో కంటే ఆ గదిలోనే బాగా అర్థమయ్యాయి.

సగం మంద మనదే, పేరు మాత్రం లేదు

2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు 7.42 కోట్లు. తెలంగాణలో 1.9 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు. కూడి చూడండి, దేశం మందలో దాదాపు సగం తెలుగు నేల మీదే మేస్తోంది. అరకు కాఫీకి పేరుంది. బనగానపల్లె మామిడికి 2017లో, తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు, అంటే ఇది ఫలానా నేల సరుకు అని చట్టం ఇచ్చే ముద్ర, వచ్చింది. మాంసం దగ్గరికొచ్చేసరికి మనకున్న పేరు హైదరాబాదీ హలీం ఒక్కటే. 2010లో దేశంలో ఈ గుర్తింపు పొందిన తొలి మాంసాహార వంటకం అది. దాని నిబంధనలు చూస్తే ముచ్చటేస్తుంది. మాంసం పది పాళ్ళయితే గోధుమ నాలుగు పాళ్ళు, రాగి పాత్ర, కట్టెల మంట, 12 గంటల ఉడుకు. అన్నీ ఉన్నాయి. జీవం ఎక్కడ పుట్టింది, ఏ బీడులో మేసింది అన్నది మాత్రం లేదు. గుర్తింపు దక్కింది వంటకి, మందకి కాదు. ఇందులో వంటవాళ్ళ తప్పేం లేదు. వాళ్ళు సంఘంగా ఏర్పడి అడిగారు, తెచ్చుకున్నారు. కాపరుల తరఫున అడిగినవాళ్ళు లేరు.

అడిగినా, దేన్ని చూపించి అడగాలి? పాలమూరు అసలు గొర్రె దక్కని. నల్లది, ముతక ఉన్ని, గొంగడికి పనికొచ్చేది. గొంగడికి గిరాకీ తగ్గాక ఉన్ని కత్తిరింపు కూలీ కూడా గిట్టడం లేదని మందకు మందే మారిపోయింది. మాంసం ఎక్కువిచ్చే నెల్లూరు పొట్టేళ్ళను తెచ్చి దాటించారు. నెల్లూరులో మళ్ళీ మూడు రకాలు. కళ్ళ చుట్టూ, మూతి దగ్గర నల్ల మచ్చలుండే జోడిపి, తెల్లటి పల్ల, గోధుమ రంగు దొర. ఇవాళ ఒక మందలోకి వెళ్ళి నిలబడితే ఈ నాలుగూ, వీటి మధ్య పుట్టిన నలభై రంగులూ కనిపిస్తాయి. 'పాలమూరు పొట్టేలు' అంటే ఏది? ఆ ప్రశ్నకు జాతి వైపు నుంచి జవాబు దొరకదని నాకు మొదటి రోజే తెలిసిపోయింది. దొరికితే నేల వైపు నుంచీ, లెక్క వైపు నుంచీ దొరకాలి.

సంతలో తువ్వాలు, దొడ్డిలో కాటా

సంత ఎలా జరుగుతుందో కాపరి ఇంట్లో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. పట్నం పాఠకుల కోసం చెబుతున్నాను. బేరగాడు జీవం వెన్ను మీద చెయ్యి వేస్తాడు. నడుము దగ్గర బొటనవేలితో నొక్కుతాడు, తోక మొదలు పట్టి చూస్తాడు. అంతే. మాంసం ఎంత పడుతుందో మనసులో కట్టేసుకుంటాడు. తర్వాత ఇద్దరి చేతులూ తువ్వాలు కిందికి పోతాయి, వేళ్ళు మాట్లాడుకుంటాయి. పక్కనున్నవాడికి ధర తెలీదు. రేపు అదే సంతకు వచ్చే ఇంకో కాపరికి అసలే తెలీదు. వెన్ను నొక్కి చూడడం మంచి విద్యే, మా పశువైద్య కాలేజీలోనూ దాన్నే మార్కులేసి నేర్పిస్తారు. చిక్కల్లా ఆ విద్య ఒక పక్కనే ఉండడం. బేరగాడు రోజూ కోసి చూస్తాడు కాబట్టి తన అంచనాను దిద్దుకుంటాడు. కాపరి తన జీవం కోశాక ఎంత తూగిందో జన్మలో ఒక్కసారి కూడా చూడడు.

అందుకని లోగో డబ్బుతో కాటా కొనిపించాను. జీవం నిలబడేందుకు చిన్న పంజరం ఉండే ఎలక్ట్రానిక్ కాటా. కంపెనీ డైరెక్టర్లలో ఇద్దరు నాతో మాట్లాడడం మానేశారు. మందను లెక్కపెడితేనే దిష్టి అంటారు, తూకం వేస్తే ఇంకేమన్నా ఉందా అని ఇంటి ఆడవాళ్ళు అభ్యంతరం చెప్పారు. కాటాకు నిమ్మకాయ, మిరపకాయ కట్టించాం. ఇప్పటికీ ప్రతి అమావాస్యకూ మారుస్తారు, నాకేం నష్టం లేదు.

మొదటి పొద్దున ఒక పొట్టేలును బేరగాడు 26 కిలోలన్నాడు. కాటా 31 చూపించింది. అతను నవ్వి, "మీ కాటా తాగి వచ్చింది సారూ" అన్నాడు. అతని మాట కాదనడానికి ఇంకో కాటా తెచ్చి తూచాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి సంతకు పోయే ముందు తూకం చీటీ రాయించుకుని జేబులో పెట్టుకోవడం మొదలైంది. చీటీ చూపిస్తే బేరం మారుతుందా? ప్రతిసారీ మారదు. మారనప్పుడు జీవాన్ని ఇంటికి తోలుకొచ్చే ధైర్యం మాత్రం వచ్చింది. పిల్లల ఫీజో ఆసుపత్రి ఖర్చో ఎదురుగా ఉంటే ఆ ధైర్యమూ ఉండదు. అది వేరే సంగతి.

మూడు వారాల్లో మావాళ్ళు కాటాను నేర్చుకున్నారు. అంటే కాటాను మోసం చెయ్యడం నేర్చుకున్నారు. పొద్దున్నే ఉప్పు నాకించి, కడుపునిండా నీళ్ళు తాగించి తూకానికి తెచ్చేవాళ్ళు. నెల్లూరు పొట్టేలు బొజ్జలో రెండు మూడు కిలోల నీళ్ళు హాయిగా పడతాయి. బేరగాళ్ళకు ఈ కిటుకు తాతల నాటి నుంచి తెలుసు. వాళ్ళు కాటాను ఎందుకు నమ్మరో నాకు అప్పుడు అర్థమైంది. బతికున్న బరువు మీద నమ్మకం కట్టలేం, కోశాక తూగిన బరువు మీదే కట్టాలి. ఈ సంగతి నేను అంతకు ముందే ఒక చోట చూశాను. చూసి, ఒంటబట్టించుకోకుండా తిరిగొచ్చాను.

హబి కీగ్ కమ్రి

కొన్నేళ్ళ కిందట ఒక శిక్షణ మీద వేల్స్‌లో కొన్ని వారాలున్నాను. బ్రిటన్‌కు పడమటి అంచున ఉండే చిన్న దేశం. జనాభా 31 లక్షలు, గొర్రెలు 90 లక్షలకు అటూ ఇటూ. మన పాలమూరుకీ దానికీ వానల్లో పోలికే లేదు. అక్కడ ఎప్పుడూ కురుస్తూనే ఉంటుంది. పోలికల్లా ఒక్కటే, గొర్రె తప్ప ఇంకేదీ సరిగా పండని నేల.

అక్కడ మాంసానికి ప్రచారం చేసే సంస్థ పేరు వాళ్ళ భాషలో హబి కీగ్ కమ్రి. 'హబి' అంటే పెంచు, 'కీగ్' అంటే మాంసం, 'కమ్రి' అంటే వేల్స్. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసింది చూసి నేను హైబూ సిగ్ సిమ్రూ అని చదివితే అక్కడి డ్రైవరు బండి ఆపి మరీ నవ్వాడు. 2003లో మొదలైంది, ఆఫీసు ఆబరిస్ట్విత్ అనే సముద్రపు ఊళ్ళో. వేల్స్ ప్రభుత్వానిదే. వేల్స్ గొర్రెపిల్ల మాంసానికి 2003లో, గొడ్డు మాంసానికి అంతకు ముందు ఏడాది ఐరోపా భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేర్లకు కావలి ఈ సంస్థదే. వేల్స్‌లో పుట్టి, వేల్స్‌లో పెరిగి, ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం మీద చూపించగలిగిన జీవానికే ఆ పేరు. దాన్ని కోసే కబేళా కూడా ఆమోదం పొందినదై ఉండాలి.

నేను పోస్టర్లు చూసి వద్దామని వెళ్ళాను. పచ్చటి కొండ, దాని మీద తెల్ల గొర్రె, పక్కన వంటవాడు. చూశాను, బాగున్నాయి. కానీ నాకు గుర్తుండిపోయింది కబేళాలో ఒక మూల నిలబడి చూసిన దృశ్యం. కొక్కేలకు వేలాడుతూ కోసిన గొర్రెలు ఒకటి తర్వాత ఒకటి కదిలి వస్తున్నాయి. ఒక మనిషి ఒక్కో దాన్నీ చూసి మీట నొక్కుతున్నాడు. కండ ఆకారానికి ఇ, యు, ఆర్, ఓ, పి అని ఐదు అక్షరాలు. కొవ్వుకు 1 నుంచి 5 దాకా అంకెలు. పక్కన తూకం. ఆ మూడూ కలిపి చీటీ అంటుకుంటుంది. రైతుకు ఇంటికి వచ్చే కాగితంలో తన ఒక్కో జీవం ఎంత తూగింది, ఏ తరగతిలో పడింది, ఎంత ధర కట్టారు అన్నది వరసగా ఉంటుంది. మావాళ్ళు జన్మలో ఒక్కసారి కూడా చూడని అంకె, అక్కడివాడు ప్రతి జీవానికీ చూస్తాడు.

ఆ కాగితం చివర్లో ఒక చిన్న కోత కూడా ఉంటుంది. అదే ఈ సంస్థకు ఊపిరి. ప్రతి జీవం కబేళా గుమ్మం దాటినప్పుడు ఇంత అని చట్టం ప్రకారం తీసుకుంటారు. అందులో పెద్ద వాటా రైతుది, చిన్న వాటా కబేళాది. ఎవరూ రసీదు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరగరు. రైతుకు ఇచ్చే డబ్బులోంచే కబేళా కోసుకుని కడుతుంది. బ్రిటన్ మొత్తానికి 1967 చట్టంతో మొదలైన పద్ధతి ఇది. వేల్స్ 2010లో తన శాసనసభలోనే దానికి సొంత చట్టం చేసుకుంది.

ఇలా వచ్చే డబ్బు ఎంత అన్నదాని కంటే, అది ఏ దారిన వస్తుంది అన్నదే నాకు ముఖ్యంగా కనిపించింది. తలకు ఇంత అని వసూలు చెయ్యాలంటే తలల లెక్క ఉండాలి. లెక్క ఉండాలంటే చెవికి ట్యాగు ఉండాలి, కోసేది కబేళాలోనే కావాలి. బ్రిటన్‌లో 2010 నుంచి గొర్రెలకు ఎలక్ట్రానిక్ ట్యాగు నిబంధన వచ్చింది. రైతులు దాన్ని మొదట్లో గట్టిగానే తిట్టుకున్నారు. తిట్టుకుంటూనే వేశారు. ఒకసారి ఈ గొలుసు పడ్డాక, రుసుము కట్టిన రైతు ఊరుకోడు. నా డబ్బు ఏం చేశావని సంస్థను సభల్లో నిలదీస్తాడు. నేనున్నప్పుడు ఒక రైతు టీ తాగుతూ అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: టీవీలో గొర్రె బొమ్మకు నా డబ్బు పోతే నాకు అభ్యంతరం లేదు, కానీ ఆ బొమ్మలో కొండ మా కొండలా లేదు.

సంస్థ పని పోస్టర్లతో ఆగదు. కొండ మందలకు మంచి పొట్టేళ్ళను బరువు లెక్కలు చూసి ఎంపిక చేయించే పథకం, మంద ఆరోగ్యం మీద ఇంకొకటి, మాంసం రుచిని వేలమంది తినేవాళ్ళతో పరీక్ష చేయించే ఇంకొకటి నడిపారు. ఎగుమతుల కథ ఇంకా నిదానం. 1989 నుంచి అమెరికాలో బ్రిటన్ గొర్రె మాంసం మీద నిషేధం ఉండేది. 2022లో ఎత్తేశారు. ముప్పై ఏళ్ళకు పైగా పట్టిన ఆ పని అయింది రోగాల నియంత్రణ కాగితాల వల్ల, కబేళాల తనిఖీల వల్ల. పోస్టర్లకు అందులో వాటా లేదు. మన దగ్గర ప్రచారం అనగానే హోర్డింగు, మంత్రిగారి చేతుల మీదుగా ఆవిష్కరణ గుర్తొస్తాయి కాబట్టి ఇది చెబుతున్నాను.

పక్క దేశంలో కోస్తే రుసుము ఎవరిది?

ఈ కేసులో మాకు అన్నిటికంటే పనికొచ్చిన పాఠం ఇక్కడుంది. వేల్స్‌లో పుట్టి పెరిగిన జీవాలు చాలానే ఇంగ్లండ్ కబేళాలకు పోతాయి. ఇది కొత్తేం కాదు, వందల ఏళ్ళ కిందటే వేల్స్‌లో మందలు తోలేవాళ్ళు పశువులను నడిపించుకుంటూ లండన్ దాకా తోలేవాళ్ళు. రుసుము మాత్రం ఎక్కడ కోస్తే అక్కడి సంస్థకు పడేది. అంటే గడ్డి మేపినవాడు వేల్స్ వాడు, వాడి వాటా రుసుము పోయేది ఇంగ్లండ్ పద్దులోకి. ఏడాదికి పది లక్షల పౌండ్ల దాకా ఇలా పోతోందని వేల్స్ రైతులు ఏళ్ళ తరబడి గొడవ పెట్టారు. మధ్యలో ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లలోని మూడు మాంసం సంస్థలూ కలిసి ఒక ఉమ్మడి నిధి పెట్టుకుని సర్దుకున్నాయి. 2020 వ్యవసాయ చట్టంలో దారి చూపించాక, 2021 ఏప్రిల్ నుంచి ఆ డబ్బును జీవం వచ్చిన వైపుకు తిప్పి పంపడం మొదలైంది.

ఇప్పుడు మన సంగతికి రండి. పాలమూరు జీవం లారీ ఎక్కి హైదరాబాద్ జియాగూడ సంతకు పోతుంది. అక్కడ దిగగానే అది ఎవరిదో, ఎక్కడిదో పోతుంది. మార్కెట్ రుసుము, కోత రుసుము, డాక్టరు ముద్ర అన్నీ నగరం పద్దులో. అచ్చంపేట కాపరి నుంచి వచ్చిందో, కర్ణాటక నుంచి వచ్చిందో, రాజస్థాన్ మేకో ఎవరూ రాసుకోరు. రాసుకోనిది తిప్పి పంపేదెలా? వేల్స్ వాళ్ళకు కనీసం చెయ్యిజారిపోయిన డబ్బు ఎంతో తెలుసు. మాకు అదీ తెలీదు.

మన ప్రభుత్వ సంస్థల వైపు నుంచి కూడా చూడాలి. తెలంగాణలో గొర్రెలు, మేకల అభివృద్ధి సహకార సమాఖ్య ఉంది. 2017 జూన్ 20న మొదలైన గొర్రెల పంపిణీ అంతా దాని చేతుల మీదుగానే నడిచింది. ఒక యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు. 1.25 లక్షల రూపాయలు, అందులో 75 శాతం రాయితీ. తర్వాత యూనిట్ ధర 1.75 లక్షలకు పెంచారు. ఈ డబ్బు జాతీయ సహకార అభివృద్ధి సంస్థ అప్పు నుంచి, ప్రభుత్వ గ్రాంటు నుంచి వచ్చింది. కాపరి రుసుము నుంచి రాలేదు. అందుకే సంస్థ పైకి చూసింది, ఎన్ని యూనిట్లు పంచామో చెప్పింది. ఆ గొర్రెల పిల్లలు ఎంత తూగాయి, ఎంతకు అమ్ముడయ్యాయి అని అడిగేవాడు దాని సభలో లేడు. తర్వాత కాగ్ తనిఖీలో రవాణా బిల్లుల్లోని బండి నెంబర్లు చూస్తే స్కూటర్లు, ఆటోలు, అంబులెన్సులు తేలాయి. 2024లో ఏసీబీ కేసులు కూడా వచ్చాయి. ఆ పథకంలో బాగుపడ్డ మందలు నేను చూశాను, నిజం చెప్పాలి కదా. ఒక ముసలమ్మ ఆ గొర్రెలతోనే మనవరాలి పెళ్ళి చేసింది. కానీ పథకం వదిలి వెళ్ళిన ఒక బరువు మా కంపెనీ నెత్తిన పడింది. అది చెవి ట్యాగు.

ట్యాగు అనగానే మావాళ్ళు వెనక్కి తగ్గారు. ట్యాగున్న గొర్రె అంటే పథకం గొర్రె అని, అమ్మితే కేసని ఊళ్ళో భయం. ఇంకోవైపు ట్యాగు అంటే బీమా. జీవం చస్తే చెవి కోసి ట్యాగుతో సహా తెచ్చి చూపించాలి. ఎన్ని చెవులు నా టేబుల్ మీద పెట్టారో చెబితే మీరు భోజనం చెయ్యలేరు. చావుకి గుర్తుగా మారిన వస్తువును మాంసం మంచిదనే గుర్తుగా మార్చడం నా వల్ల కాలేదు. అందుకే తూకం రోజున పసుపు పచ్చ ట్యాగు వద్దనుకుని, మెడకు నెంబరు బిళ్ళ కట్టాం. లారీ ఎక్కి కబేళా దాకా పోవడానికి అది చాలు. శాశ్వతం కాదని నాకు తెలుసు. బిళ్ళ మారిస్తే కథే మారిపోతుంది.

నేను చేసిన తప్పు

తాలూకా ఊళ్ళో ఉన్న కబేళా అంటే ఒక బండ, ఒక పైపు. పైపులో నీళ్ళు రావు. కాబట్టి కోత హైదరాబాద్‌లోనే అనుకున్నాం. చెంగిచర్లలో మాంసం మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ ఉంది, 1999 నుంచి పనిచేస్తోంది. కంపెనీ కుర్రాళ్ళు నలుగురు అక్కడికి శిక్షణకు వెళ్ళి చాలా నేర్చుకొచ్చారు. కోసిన మాంసాన్ని చల్లబరచకుండా ప్యాక్ చేస్తే ఏమవుతుందో నేను పదిసార్లు చెప్పినా ఎక్కనిది, అక్కడ ఒకసారి చూస్తే ఎక్కింది.

నగరంలో ఒక చిల్లర మాంసం కంపెనీతో ఒప్పందం కుదిరింది. ఒప్పందం రాసింది నేనే. వేల్స్‌లో చూసింది బుర్రలో ఉంది కాబట్టి, కోసిన బరువు మీద కిలోకు ఇంత అని శుభ్రంగా రాశాను. డైరెక్టర్లు సంతకాలు చెయ్యబోతున్నారు. గొంగడి ముసలాయనే మళ్ళీ అడిగాడు: "తలకాయ ఎవరిది సారూ?"

తలకాయ, కాళ్ళు, బోటి, కార్జం, తోలు. నేను వాటిని ఒప్పందంలో రాయనే లేదు. వేల్స్ రైతు వాటి ఊసెత్తడు, కబేళాకే వదిలేస్తాడు, అక్కడ తినేవాళ్ళు తక్కువ. మన దగ్గర తలకాయ కూరకు, పాయాకు, బోటికి ఆదివారం పొద్దున వరసలు కడతారు. మా దగ్గర తోలు ధర పడిపోయింది కానీ మిగతావన్నీ డబ్బే. 30 కిలోల పొట్టేలు కోస్తే 14 కిలోల మాంసం పడుతుందనుకుంటే, మిగిలిన 16 కిలోలు గాలి కాదు. సంతలో బేరగాడు వెన్ను నొక్కి ధర చెప్పేటప్పుడు ఇవన్నీ మనసులో కలుపుకునే చెబుతాడు. నా ఒప్పందం కాగితం మీద సంత కంటే మంచి ధర చూపిస్తూ, చేతికి సంత కంటే తక్కువ ఇచ్చేది. రాసిన కాగితం చింపి మళ్ళీ రాశాం. తలకాయ, కాళ్ళ సెట్టుకు, లోపలి మాంసానికి విడిగా ధర కట్టాం. ముప్పై ఏళ్ళ సర్వీసు చేసి ఈ చిన్న సంగతి మర్చిపోయానని ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "రోజూ బోటి వండమంటారు, ఒప్పందంలో మాత్రం గుర్తుండదు" అంది.

మొదటి లోడు వెళ్ళింది. సగం వెనక్కి వచ్చినంత పనైంది. కొనేవాడికి ఒకే తీరున ఉండాలి. కోశాక 11 నుంచి 14 కిలోలు. మావి 9 నుంచి 17 దాకా ఉన్నాయి. ఒక మందలో అన్ని వయసులూ కలిపి లారీ ఎక్కించాం కదా. తూకం చీటీలు ముందేసుకుని కూర్చుంటే దారి దొరికింది. లోడు కట్టే ముందే బరువు చూసి వేరు చెయ్యడం, చిన్నవాటిని నెలరోజులు దాణా పెట్టి ఆపడం. రెండో లోడుకు తేడా సగమైంది. ఇక్కడ ప్రచారం పాత్ర ఏమీ లేదు, కాటా పాత్రే ఉంది.

ఎండాకాలం వచ్చాక అసలు చిక్కు మొదలైంది. సంక్రాంతి దాటాక మందలు వలస పోతాయి, కొన్ని నల్లమల వైపు, కొన్ని కృష్ణ దాటి. వానలు పడేదాకా ఊళ్ళో జీవాలుండవు. వారం వారం ఇస్తామని ఒప్పుకున్న కంపెనీ చేతులెత్తేసింది. కొనేవాడు ఇంకోచోట తెచ్చుకున్నాడు, అతన్ని తప్పుపట్టను. నాలుగు నెలలు సరుకు లేని పేరు, ఉన్నప్పుడు కూడా జనానికి గుర్తుండదు. దీనికి మా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. వలస పోని ఇరవై ముప్పై ఇళ్ళ వాళ్ళు కొట్టం కట్టి పొట్టేలు పిల్లలను మేపితే కొంత నయమని చూస్తున్నాం.

పది రూపాయల డబ్బా

రుసుము గురించి చెప్పి ముగిస్తాను. జియాగూడ, చెంగిచర్ల కబేళాల్లో తలకు ఐదు రూపాయలు తీసి, జీవం వచ్చిన జిల్లా పేరు రాసి, ఆ జిల్లా కాపరుల సంఘాలకే తిప్పి పంపితే వేల్స్ పద్ధతి ఇక్కడా నడుస్తుందని నేను ఒక మీటింగులో అన్నాను. ఒక కటికాయన లేచి నెమ్మదిగా అడిగాడు. "లైసెన్సున్న నేను ఐదు కట్టాలె. సందు మలుపుల కొక్కెం పెట్టుకున్నోడు ఏం కట్టడు. రేపటి నుంచి నేను గూడ సందులనే పెట్టుకుంట, సరేనా?" నా దగ్గర సమాధానం లేదు. వేల్స్‌లో దాదాపు ప్రతి జీవం లైసెన్సున్న కబేళాలోనే తెగుతుంది, అందుకే గుమ్మం దగ్గర కోత కుదురుతుంది. మన దగ్గర అక్కడ రుసుము పెడితే పద్ధతిగా ఉన్నవాడికే శిక్ష పడుతుంది.

అందుకే మేం రెండో చివర పట్టుకున్నాం. తూకం చీటీ కావాలంటే జీవానికి పది రూపాయలు, కాటా దగ్గరే, అక్కడికక్కడే. చీటీ వల్ల బేరంలో లాభం కనిపిస్తుంది కాబట్టి ఇస్తారు. కంపెనీ సభ్యులు కానివాళ్ళు కూడా వచ్చి తూయించుకుంటారు. చట్టం లేదు, బలవంతం లేదు. డబ్బాలో పడ్డది ప్రతి నెలా పంచాయతీ అరుగు మీద లెక్కపెట్టి గోడకు రాస్తాం. మొదటిసారి ఆ డబ్బుతో ఏం చెయ్యాలన్న దాని మీద మూడు గంటలు కొట్లాడుకున్నారు. ప్రభుత్వం డబ్బు మీద మావాళ్ళు అంతసేపు కొట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. చివరికి గొర్రెలను ఉన్నట్టుండి చంపే చిటుకు వ్యాధి టీకాలకు పెట్టారు, ఎందుకంటే ఆ ఏడు వానల ముందు సర్కారు టీకా ఆలస్యమైంది.

సమాఖ్యకు నేను రాసిచ్చిన నివేదికలో ఒకటే అడిగాను. ప్రచారం నిధి వద్దు, మండలానికొక కాటా, దాన్ని నడిపే ఒక మనిషి, జియాగూడ గేటు దగ్గర జీవం ఏ జిల్లాదో రాసుకునే ఒక రిజిస్టరు. నివేదిక అందినట్టు రసీదు వచ్చింది.

లోగో మాత్రం ఇంకా తేలలేదు. పొట్టేలుకు కొమ్ములు పెద్దవిగా ఉండాలని కుర్రాళ్ళు, నెల్లూరు ఆడగొర్రెకు కొమ్ములుండవు కదా, మంద అంటే ఆడవే కదా అని ముసలాయన. పోయిన నెల సభలో బొమ్మ గీసే కుర్రాడు గొర్రె పక్కన కాటా కూడా గీసుకొచ్చాడు. కాటా పంజరం జైలులా ఉందని అందరూ నవ్వి తీసేయించారు.